శివారు పొలానికి లెక్క చెప్పండి

రాష్ట్రం విడిపోవడం నేరం కాదు. లెక్క తేల్చకుండా విడగొట్టడం నేరం. లెక్క అడగాల్సినవాళ్లు ఆ రోజు అడగకపోవడం అంతకన్నా పెద్ద నేరం. ఈ మాట ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో కూర్చుని అనడం లేదు. కృష్ణ కాలువల చిట్టచివర, దివిసీమలో కోడూరు పొలాల గట్టు మీద నిలబడి అంటున్నాను.

వేరుపడతామన్న మాట మనకు కొత్త కాదు. ఆంధ్ర రాష్ట్రం కావాలని తొలిరోజుల్లోనే గొంతెత్తినవాళ్లలో మన బందరు పట్టాభి సీతారామయ్య ఒకరు. 1953 అక్టోబరు 1న ఆ రాష్ట్రం వచ్చింది. 1956లో తెలంగాణతో కలిసింది. పదహారేళ్లకే, ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అనగానే, ‘జై ఆంధ్ర’ అంటూ వీధికెక్కింది మనమే. మన జిల్లా నాయకుడు కాకాని వెంకటరత్నం ఆ ఉద్యమం నడుస్తుండగానే కన్నుమూశారు. 1972లో మనం అడిగితే ఆత్మగౌరవం, తెలంగాణ అడిగితే ద్రోహం ఎలా అవుతుంది? నీళ్లు, నిధులు, నియామకాల గురించి వాళ్ల బాధ నిజం. నా కోపం వాళ్ల మీద కాదు.

నా కోపం మన నాయకుల మీద. 2009 డిసెంబరు 9న తెలంగాణపై కేంద్రం ప్రకటన వచ్చింది. చట్టం వచ్చేసరికి 2014. నాలుగేళ్ల గడువు! ‘విభజన జరగదు, మేం ఆపుతాం’ అంటూ ఆ నాలుగేళ్లూ కరగబెట్టారు. 2013లో విభజన వద్దంటూ ఉద్యోగులు 66 రోజులు సమ్మె చేశారు. బస్సులు కదల్లేదు, ఆఫీసులు తెరవలేదు. బందరులో, గుడివాడలో జనం రోడ్డు మీదే ఉన్నారు. ‘ఒకవేళ విడిపోతే నాగార్జునసాగర్ గేట్లు ఎవరి చేతిలో ఉంటాయి?’ అని ఏ వేదిక మీంచీ నాకు వినబడలేదు. జరగదని ప్రమాణం చేసినవాడు షరతులెలా అడుగుతాడు? మనం బేరానికే కూర్చోలేదు. ధర ఎదుటివాళ్లు కట్టారు.

ఆ విభజన చట్టం తెరిచి చూడండి. ప్రత్యేక హోదా అందులో లేదు, రాజ్యసభలో ప్రధాని నోటిమాటగా మిగిలింది. రేవు ఉంది, కానీ దుగరాజపట్నంలో. 2018 చివరికి తొలిదశ పూర్తి కావాలని రాశారు. ఆ రేవు రాలేదు. వందల ఏళ్లు ఓడలు చూసిన బందరు పేరు ఆ జాబితాలో లేదు. మన రేవుకు 2008లో ఒకరు, 2019లో ఒకరు, 2023లో ఒకరు, ముగ్గురు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేశారు.

అసలు దెబ్బ నీళ్ల దగ్గర తగిలింది. ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చింది 811 టీఎంసీలు. దాన్ని ఇద్దరికీ పంచే పని చట్టంలో తేల్చలేదు, మరో ట్రిబ్యునల్‌కు వదిలారు. పదేళ్లు దాటినా తీర్పు లేదు. 2015లో కుదిరిన సర్దుబాటు, మనకు 512, తెలంగాణకు 299 టీఎంసీలు, తాత్కాలికమే. కృష్ణా బోర్డు పెట్టారు, దాని పరిధిని నోటిఫై చేయడానికి 2021 జులై దాకా ఆగారు. ఆ నెలలోనే ఎగువన కరెంటు కోసం వదిలిన నీరు ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రం పాలైంది. 2023 నవంబరు 30న, అవతల తెలంగాణలో ఓట్లు పడుతుండగా, సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకే భాష మాట్లాడే పోలీసులు!

లెక్క తేల్చుకోకుండా విడిపోతే ఏమవుతుందో బయటి దేశాల్లోనూ చూడండి. దక్షిణ సూడాన్ 2011లో స్వతంత్రమైంది. చమురు వాళ్లది, రేవుకు చేర్చే పైపులు సూడాన్‌వి. రవాణా రుసుము ముందే తేల్చుకోలేదు. 2012 జనవరిలో చమురు తీయడమే ఆగిపోయింది. చెకోస్లోవేకియా మాత్రం విడిపోకముందే ఆస్తులు రెండుకు ఒకటి చొప్పున పంచుకోవాలని రాసుకుంది. మనకు విభజన చట్టంలోని తొమ్మిదో, పదో షెడ్యూళ్ల సంస్థల పంపకం గొడవే పదేళ్లకూ తెగలేదు.

తెగని లెక్కకు మూల్యం కట్టేది ఎవరు? డెల్టాలో 13 లక్షల ఎకరాలు. కాలువలో నీరు పలచబడితే ముందు ఎండేది శివారే. నారుమడి నెర్రెలిస్తుంది. పైనుంచి మంచినీటి ఒత్తిడి తగ్గితే కిందనుంచి ఉప్పునీరు ఎగదన్నుతుంది. చౌడెక్కిన పొలం రొయ్యల చెరువవుతుంది, కౌలు రైతుకు చేను పోతుంది, కూలీకి నాట్లు పోతాయి. పట్టిసీమ పంపులు గోదావరిని తెచ్చాయి కాబట్టి సార్వా నిలబడింది. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ వేల ప్రాణాలు పోగొట్టుకుని మళ్లీ లేచింది. ఆ ఉప్పు సముద్రం తెచ్చింది. ఈ ఉప్పు మనుషుల నిర్లక్ష్యం తెస్తోంది.

కలిసుంటే ఈ బాధ ఉండేది కాదనకండి. ఉమ్మడి రాష్ట్రంలోనూ శివారు ఎండింది. ఇప్పుడు రాయలసీమ, ఉత్తరాంధ్ర వేరుపడాలనే మాటలు వినబడుతున్నాయి. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమకు ముందు నీళ్లిస్తామని మాటిచ్చి నిలుపుకోనివాళ్లం, వాళ్లను తిట్టే అర్హత మనకు లేదు. కానీ జెండా పట్టే ముందు లెక్క పట్టండి. మనలా మోసపోకండి.

ట్రిబ్యునల్ వాదనలకు గడువు పెట్టాలి. శ్రీశైలం, సాగర్ గేట్లు బోర్డు చేతికి రావాలి. డెల్టా వాటా నెలవారీగా రాతలో ఉండాలి. ఓటడగడానికి వచ్చేవాణ్ణి ఈసారి కాలువ చివరి తూము దగ్గరికి నడిపించండి. సార్వాకు ఏ నెలలో ఇక్కడికి ఎంత నీరు చేరుతుందో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టనివాడికి మన ఓటు లేదు.