డాక్టరుకి ఐ7 ఎందుకండీ?

మా గూడూరులో (రైలు జంక్షన్ గూడూరు కాదండోయ్, కర్నూలు జిల్లాది) తెలిసిన డాక్టరు గారు క్లినిక్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. అమ్మినాయన ఐ7 కంప్యూటరూ, థర్మల్ ప్రింటరూ కావాలని లిస్టు రాసిచ్చాడు. "నువ్వు సాఫ్ట్‌వేరోడివి గదా, చూడు నాయనా" అని ఆ లిస్టు నాకు పంపారు.

పేరూ, బీపీ, మందులూ టైపు చెయ్యడానికి ఐ7 ఏంటో! ఐ3, 8 జీబీ ర్యాము, ఎస్‌ఎస్‌డీ చాలు. పాతది చవగ్గా దొరికినా వద్దనను గానీ విండోస్ 11 ఎక్కేదై ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మిగిలిన డబ్బుతో బ్యాకప్‌కి రెండు డిస్కులు కొనుక్కోవచ్చు, ఒకటి క్లినిక్‌లో, ఒకటి ఇంట్లో.

నా గొడవంతా ప్రింటరు గురించే. థర్మల్ కాగితం మీద అక్షరాలు ఎండకీ చెమటకీ వెలిసిపోతాయి. మా పెద్దనాయన బీపీ చీటీ జేబులోనే తెల్లకాగితమైపోయింది. వేరే ఊళ్ళో డాక్టరు "ఎంత డోసు వాడుతున్నావు?" అంటే "తెల్లమాత్ర సార్" అన్నాడట! పోనీ లేజర్ పెడదామా అంటే 600 వీఏ యూపీఎస్ దాన్ని మొయ్యలేదు. కరెంటు పోయినప్పుడు ప్రింటు కొడితే కంప్యూటరుతో సహా ఆరిపోతుంది. అందుకే డాట్ మేట్రిక్స్ కొనమన్నాను. గోల చేస్తుంది, చెయ్యనీండి.

డాక్టరు గారు అన్నీ ఒప్పుకున్నారు, అదొక్కటి తప్ప. "పేషెంట్లు పాతకాలం క్లినిక్ అనుకుంటారేమో" అంటున్నారు. ఇంకా నచ్చజెబుతూనే ఉన్నాను.