కూతురిగా కాదు, కొడుకుగానో వితంతువుగానో: ఓరుగల్లు నుంచి భేజ్జి దాకా

బస్తర్ దక్షిణ కొసన, సుక్మా జిల్లాలో భేజ్జి ఉంది. దోర్లా ఆదివాసుల నేల. వాళ్ల మాటలో కోయ, తెలుగు కలిసే వినిపిస్తాయి. 1859లో అడవిని కాంట్రాక్టర్లకు అప్పగించినప్పుడు తిరగబడ్డ జమీందారీల్లో భేజ్జి ఒకటి. ఇప్పుడు మాత్రం ఎదురుకాల్పులు జరిగితే తప్ప ఆ పేరు మన పత్రికల్లో కనిపించదు. అలాంటి ఊరి గురించి మాట్లాడటానికి రుద్రమదేవి దగ్గర మొదలుపెట్టడం వింతగా అనిపించవచ్చు. కారణం ఉంది.

ఈ నేలను ఏలిన బస్తర్ రాజులు తాము కాకతీయులమని చెప్పుకున్నారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి రాజ్యం స్థాపించాడని వాళ్ల వంశగాథ. 1703 నాటి దంతేవాడ శాసనం ఆ వంశాన్ని పాండవుల దాకా తీసుకెళ్లి చంద్రవంశంలో కలిపింది. కానీ ఓరుగల్లు కాకతీయుల వర్ణం ప్రస్తావించిన శాసనాల్లో ఎక్కువ భాగం వాళ్లను నాలుగో వర్ణం వాళ్లనే చెప్పాయి. శూద్రులమని చెప్పుకోవడానికి సిగ్గుపడని వంశం నాలుగు వందల ఏళ్లు తిరిగేసరికి క్షత్రియమైంది. ఈ మార్పు మీద మన విశ్వవిద్యాలయాల్లో ఎన్ని సెమినార్లు జరిగాయో లెక్కపెట్టడం పెద్ద కష్టం కాదు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో విషయం. అన్నమదేవుడి గాథను ఉన్నదున్నట్టు నమ్మినా ఆ వంశం కొడుకుల మీదుగా వచ్చింది కాదు. ప్రతాపరుద్రుడు రుద్రమ కూతురు ముమ్మడమ్మ కొడుకు. బస్తర్ సింహాసనం గొప్పగా చెప్పుకున్న రక్తం ఒక కూతురి కూతురి కడుపున పుట్టింది.

మరి ఆ మొదటి కూతురికి రాజ్యం ఎలా దక్కింది? గణపతిదేవుడు ఆమెను కొడుకు కింద లెక్కగట్టాడు. శాసనాల్లో ఆమె ‘రుద్రదేవ మహారాజు’. కూతురిని కొడుకుగా భావించి తండ్రే రుద్ర అని పిలిచాడని విద్యానాథుడి ప్రతాపరుద్రీయం చెబుతుంది. నిడదవోలు చాళుక్యుల ఇంటి వీరభద్రుడితో ఆమెకు పెళ్లయింది. అది తీరాంధ్రలో పొత్తు కోసం చేసిన పెళ్లి. పరిపాలనలో ఆ అల్లుడి జాడ దాదాపు కనిపించదు. సవతి తమ్ముళ్లు ఆమె మీద తిరగబడ్డారని ప్రతాపచరిత్ర చెప్పే కథకు శాసనాల ఆధారం లేదు. అయినా అది నిలబడింది. ఆడది గద్దె ఎక్కితే ఇంట్లో మగవాళ్లు ఊరుకోరని అందరికీ ముందే తెలుసు కాబట్టి కాబోలు. చివరికి ఆమె ప్రాణం తీసింది సామంతుడైన కాయస్థ అంబదేవుడితో వచ్చిన యుద్ధమేనని చరిత్రకారులు ఎక్కువమంది అనుకుంటారు. ఆమె మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది.

రుద్రమకు గణపాంబ అనే సోదరి ఉంది. కోట బేతరాజును పెళ్లాడింది. అతను చనిపోయాక ధరణికోట సీమను తనే ఏలింది. అక్కచెల్లెళ్లిద్దరూ పాలకులే. ఒకరికి కొడుకుగా మారాక అధికారం వచ్చింది, ఇంకొకరికి వితంతువయ్యాక వచ్చింది. కూతురిగా ఎవరికీ రాలేదు. మార్కో పోలో ఈ దేశం గురించి రాస్తూ ఇక్కడి రాణి చనిపోయిన రాజు భార్య అని, భర్త మీద ప్రేమతో మళ్లీ పెళ్లి చేసుకోలేదని రాశాడు. కూతురు వారసురాలు కావచ్చన్న ఊహే రాక, తండ్రిని మొగుణ్ని చేసేశాడు!

ఇది రాజకుటుంబాల ముచ్చట కాదు. అంబేడ్కర్ 1916లో కొలంబియాలో చదివిన పత్రంలో కులం నిలబడేది కులం లోపలి పెళ్లి మీదేనని తేల్చారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టడిని కాపాడే పద్ధతులని చూపించారు. నా చదువులో నేను దానికి జోడించుకునేది ఒక్కటే. ఆస్తి కూతురి చేతికి వస్తే ఆమె పెళ్లి మీద కట్టడి సడలుతుంది. అందుకే ఆ రెంటినీ ఎప్పుడూ కలిపే బిగిస్తారు. హిందూ కోడ్ బిల్లును అంతగా అడ్డుకున్నది, 1951లో ఆయన మంత్రిపదవి వదులుకునే దాకా తెచ్చింది ఈ భయమే. 1985లో ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చినప్పుడు కూడా అప్పటికే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. ‘ఆడపిల్ల ఆడ పిల్లే’ అన్న మాటను చట్టంలో రాసుకున్నట్టే.

బస్తర్‌లో ఇదే కథ మళ్లీ జరిగింది. 1921లో రుద్రప్రతాప్ దేవ్ కొడుకులు లేకుండా పోయాడు. మరుసటి ఏడు పన్నెండేళ్లయినా నిండని ప్రఫుల్ల కుమారీ దేవిని గద్దెనెక్కించారు. మైనరన్న పేరుతో పాలన బ్రిటిష్ అధికారుల చేతిలోకి పోయింది. మయూర్‌భంజ్ రాజకుటుంబానికి చెందిన ప్రఫుల్ల చంద్ర భంజ్ దేవ్‌తో పెళ్లయింది. ఆ అల్లుడిని అధికారులు పాలన దరిదాపుల్లోకి రానివ్వలేదు. 1936లో లండన్‌లో శస్త్రచికిత్స తర్వాత ఆమె చనిపోయింది. ఆరేళ్ల కొడుకు ప్రవీర్ చంద్రను రాజును చేశారు. తండ్రికి పిల్లల పెంపకం కూడా దక్కనివ్వలేదు. రుద్రమ మనవడు తల్లి వైపు కాకతీయ పేరుతోనే ఏలాడు. ప్రఫుల్ల కుమారి కొడుకు మాత్రం భంజ్ దేవ్ అయ్యాడు. ఏడు వందల ఏళ్లలో కూతురి పేరు కొంచెం కూడా బలపడలేదు, ఇంకా చెరిగిపోయింది.

ఇక భేజ్జిలో రాజ్యమేదీ లేని దోర్లా ఆడబిడ్డ సంగతి. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ఆదివాసులు హిందువులు కారు కాబట్టి ఆ చట్టాన్ని వాళ్ల మీద రుద్దకూడదనే నేనూ అంటాను. కానీ దాని స్థానంలో ఏమీ పెట్టకుండా ఆచారానికి వదిలేయడం గౌరవం కాదు. ఆ ఆచారం ఏమిటో చెప్పే నోరు ఎక్కువగా మగవాళ్లదే. 2006 అటవీ హక్కుల చట్టం ఒక మెట్టు ఎక్కింది, పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలంది. అక్కడా భార్యగానే ఆమెకు చోటు. పుట్టింటి నేలలో కూతురి వాటా ఏమిటో ఆ కాగితం చెప్పదు. సల్వా జుడుం రోజుల్లో ఊళ్లొదిలి భద్రాచలం వైపు వచ్చి మిరప చేలల్లో కూలికి పోతున్న వాళ్లకు ఆ కాగితమూ లేదు.

2025 జూలైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌కే చెందిన ఒక గోండు మహిళ వారసుల కేసులో కొత్త దారి తీసింది. ఆడవాళ్లకు వాటా ఇచ్చే ఆచారం ఉందని మీరే రుజువు చేయండని కింది కోర్టులు అడిగాయి. వాటా నిరాకరించే ఆచారాన్ని ఎవరూ రుజువు చేయలేదు కదా, ఆడదైనంత మాత్రాన కాదనడం రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధం అంది సుప్రీంకోర్టు. అదే ఏడాది అక్టోబరులో హిమాచల్ కేసులో హిందూ వారసత్వ చట్టం ఆదివాసులకు వర్తించదని మళ్లీ చెప్పింది. రెండూ కలిపి చదివితే దారి స్పష్టంగానే ఉంది. హిందూ చట్టం అక్కర్లేదు, రాజ్యాంగం చాలు. పార్లమెంటు ఆ మేరకు ఆదివాసీ ఆడబిడ్డల వారసత్వం మీద విడిగా చట్టం చేయవచ్చు. ఆ చట్టం ముసాయిదాను ముందుగా చర్చించాల్సింది ఢిల్లీలో కాదు, భేజ్జి లాంటి ఊళ్ల గ్రామసభల్లో, ఆడవాళ్లు కూర్చున్న గ్రామసభల్లో, వాళ్ల భాషలో.