అత్తగారు అడగగలిగే యాప్

వార్త నిజమో కాదో చూసుకోవడానికి మంచి యాప్ ఒకటి ఉంటే బాగుండునని మన సభ్యుల్లో చాలామంది అంటుంటారు. నిజానికి సింగపూర్‌లో ఇలాంటి ఏర్పాట్లకు కొదవ లేదు. ప్రభుత్వం ఫ్యాక్చువల్లీ అనే వెబ్‌సైటును 2012లోనే మొదలుపెట్టింది. తప్పుడు ప్రచారాన్ని సరిదిద్దించే పోఫ్మా చట్టం 2019 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. మోసగాళ్ళ ఫోన్లను పసిగట్టే స్కామ్‌షీల్డ్ 2020లో వచ్చింది. ఇవన్నీ ఇంగ్లీషు చదివి ఉద్యోగాలు చేసుకునే మనకు బాగానే ఉపయోగపడతాయి. కానీ మన ఇళ్ళల్లో వదంతి ముందుగా చేరేది మనకు కాదు, ఊరి నుంచి వచ్చి కొన్నాళ్ళు మన దగ్గర ఉండే పెద్దవాళ్ళకు. వాళ్ళకు వచ్చేవి పువ్వుల బొమ్మ మీద రాసిన నాలుగు తెలుగు ముక్కలు, లేదా ఎవరో పెద్ద డాక్టరు గొంతు అని చెప్పే ఆడియో. వాటిని ఇంగ్లీషులో టైపు చేసి వెతుక్కోమంటే అయ్యే పనేనా?

మా అత్తగారు ఒకసారి బి.పి. మాత్ర పక్కన పెట్టేసి, వాట్సాప్‌లో వచ్చిన కషాయం వారం రోజులు తాగారు. ఇంట్లో డాక్టరు అల్లుణ్ణి నేనున్నాను కదా, ఒక్క మాట అడగకపోయారా అంటే, “ఇంత చిన్నదానికి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకులే బాబూ” అన్నారు. చిక్కంతా ఈ మొహమాటంలోనే ఉంది. అడిగితే పిల్లలు నవ్వుతారని, విసుక్కుంటారని వాళ్ళ భయం. (మనం విసుక్కోమని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా?)

అందుకే కొత్త యాప్ దించుకోవడం, పాస్‌వర్డు పెట్టుకోవడం లాంటివేవీ వద్దంటాను. సింగపూర్‌లోనే కొందరు స్వచ్ఛంద సేవకులు 2023లో తెచ్చిన చెక్‌మేట్ పద్ధతి నాకు నచ్చింది. అనుమానం వచ్చిన సందేశాన్ని వాట్సాప్‌లో ఒక నంబరుకు పంపితే, అక్కడికే జవాబు వస్తుంది. మనకు కావలసింది అదే, తెలుగులో. జవాబు గొంతుతో రావాలి. నిజమా, అబద్ధమా, ఇంకా తేలలేదా అన్నది మొదటి మాటలోనే చెప్పాలి. పంపినవారి పేరు ఎవరికీ తెలియకూడదు, కొడుక్కి కూడా.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణలో వాట్సాప్ వదంతులు చెలరేగినప్పుడు, జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పత్రికా ప్రకటనతో సరిపెట్టలేదు. పోలీసులను ఊళ్ళకు పంపి, జానపద పాటలతో, డప్పుతో చెప్పించారు. వినేవాళ్ళకు అలవాటైన గొంతులో చెప్పడమంటే అదీ.

తమిళం ఇక్కడి నాలుగు అధికార భాషల్లో ఒకటి, తెలుగు కాదు. కాబట్టి ఈ పని ప్రభుత్వం చేసిపెడుతుందని కూర్చోలేం. మన సంఘంలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు. హైదరాబాదులో ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులో నిజనిర్ధారణ చేస్తూనే ఉన్నాయి, వాళ్ళను సాయం అడగవచ్చు. జవాబులన్నీ యంత్రానికే వదిలేయడం మాత్రం నాకు సమ్మతం కాదు, ముఖ్యంగా మందుల విషయంలో. అది తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే చెబుతుంది. మొదట ఆరోగ్యం సంగతులు మాత్రమే తీసుకుందాం. తయారయ్యాక పరీక్షించే పని కుర్రాళ్ళకు ఇవ్వవద్దు. వచ్చే ఉగాది సభలో పెద్దవాళ్ళ చేతికి ఫోనిచ్చి, పక్కన నిలబడి ఎవరూ చెప్పకుండా వాడమందాం.