పాత కారు – పాఠ పరిష్కరణ

తెలుగు పండితుడిగా జీవితమంతా ఛందస్సు, వ్యాకరణం చెప్పుకొని పదవీ విరమణ చేసినవాడు అమెరికా పాత కార్లను గురించి వ్రాయబూనడం చూసి మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి గాని చివరిదాకా చదవండి. ఆ కార్లను పునరుద్ధరించేవారి తగవులు విన్నకొద్దీ, అవి మన తాళపత్ర గ్రంథాల పరిష్కర్తల తగవులేనని నాకు స్పష్టమయింది. ఏది మూలం, ఏది ప్రక్షిప్తం, పోయినచోట ఏమి పెట్టాలి, పెట్టినదానిని చెప్పాలా దాచాలా అన్నవే అక్కడా ప్రశ్నలు.

ముందుగా విషయ పరిచయం. అక్కడివారు 'మజిల్ కారు' అంటారు. కండబలపు కారని తెనిగించుకోవచ్చును. జనరల్ మోటార్స్ సంస్థలో మధ్యతరహా కార్లకు 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదని కట్టడి ఉండేది. పాంటియాక్ శాఖవారు 1964 నమూనా టెంపెస్ట్ కారులో 389 ఘనపుటంగుళాల ఇంజనును, అనగా దాదాపు 6.4 లీటర్లదానిని, 'కావలసినవారు అదనంగా కొనుక్కోవచ్చు' అన్న మిషతో అమర్చి, దానికి జీటీవో అని పేరు పెట్టారు. మొదటి ఏడే 32,450 కార్లు అమ్ముడుపోయాయి. వెంటనే షెవెల్, ఛార్జర్, బారకూడా మొదలైనవి పోటీకి దిగాయి. భీమా రుసుముల భారం, పొగపై ఆంక్షలు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి ఆ యుగాన్ని ముగించాయి. బారకూడా చేసిన ప్లిమత్ 2001లోను, జీటీవో చేసిన పాంటియాక్ 2010లోను మూతపడ్డాయి. కర్త గతించాడు, కావ్యం తుప్పు పడుతున్నది. ఇక పరిష్కర్తలే దిక్కు.

ఈ పరిష్కర్తల శ్రద్ధ చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ కార్ల భాగాలమీద పోతపోసిన తేదీ సంకేతంగా ఉంటుంది. జనరల్ మోటార్స్ ఇంజను దిమ్మమీద 'సి 14 9' అని ఉంటే, అది 1969 మార్చి 14న పోసినదని అర్థం. అదే సంస్థవారు 1960ల చివరినుండి ఇంజనుమీద కారు సంఖ్యలోని కొంతభాగాన్ని కూడా ముద్రించేవారు. ఆ సంఖ్యలు కలిస్తే అది కారుతో పుట్టిన ఇంజను. కారు తయారైన నాటికి తరువాతి తేదీగల కార్బురేటరు కనిపించిందా, అది కాలవిరుద్ధం. తరువాత ఎవరో చేర్చినదే. కర్మాగారంలో ఏ కారుకు ఏ భాగాలు బిగించాలో తెలిపే కాగితం ఒకటి ఉండేది. దానిని పనివారు ఒక్కోసారి సీటు స్ప్రింగులలోనో, పెట్రోలు ట్యాంకు పైననో వదిలేసేవారు. అర్ధ శతాబ్దం తరువాత అది దొరికితే యజమానికి కలిగే ఆనందం, గ్రంథాంత గద్య దొరికిన పరిశోధకుని ఆనందం వంటిదే. కర్మాగారపు తనిఖీదారులు గీసిన సుద్దగీతలను, రంగు చుక్కలను కూడా కొందరు తిరిగి అలాగే గీస్తారు. లేఖకదోషాలను సైతం యథాతథంగా ఎత్తి వ్రాసుకునే నిష్ఠ అది.

ఇంతవరకు నాకు గౌరవమే. అయితే ఈ నిష్ఠ రెండు చోట్ల దారి తప్పుతున్నదని నా అభిప్రాయం.

మొదటిది, మూలం మీది వ్యామోహంతో మూలాన్నే చెరిపివేయడం. బాగుచేయగల భాగాన్ని పారవేసి మెరిసే కొత్తది బిగించడం, మాసిన అసలు రంగును గీకి కర్మాగారంలో కూడా ఏనాడూ లేనంత నునుపైన రంగు వేయడం పునరుద్ధరణ కాదు, తిరగవ్రాత. దీనికి ప్రత్యుదాహరణ 1968లో వచ్చిన 'బులిట్' చిత్రంలో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆకుపచ్చని మస్టాంగ్. 1974లో ఒక కుటుంబంవారు దానిని 6,000 డాలర్లకు కొన్నారు. ఆ ఇంటి ఇల్లాలు బడిపంతులమ్మ. ఆ కారులోనే బడికి వెళ్ళివచ్చేవారట! 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం వ్రాసి అడిగినా వారు ఇవ్వలేదు. ఇంజనును నడిచే స్థితికి తెచ్చారు గాని పై రంగు జోలికి పోలేదు. చిత్రీకరణ నాటి కెమెరా బిగింపుల గుర్తులు కూడా అలాగే ఉన్నాయి. 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిసిమ్మీ వేలంలో అది రుసుములతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. సినిమా కీర్తి ఆ ధరకు ముఖ్యకారణమే, కాదనను. కాని ఆ గీతలు, ఆ మాపు లేకపోతే అది ఆ కారేనని సాక్ష్యం చెప్పేదేది?

రెండవది మరింత చెడ్డది: కూటపాఠం. సంఖ్యలు కలిసిన కారుకు ధర ఎక్కువ గనుక, వేరే ఇంజను తెచ్చి, దానిమీది పాత సంఖ్యను అరగదీసి, కావలసిన సంఖ్యను కొట్టేవారున్నారు. అసలు యంత్రం కోసిన సన్నని గీతలు ఆ చోట మాయమవుతాయి గనుక, ఆ గీతలను కూడా కల్పించేంత నేర్పరులు! ప్రాచీనుని పేరుమీద పద్యం వ్రాసి తాటాకులో దూర్చడానికి, దీనికి భేదమేమి? కొన్నవాడు మోసపోవడం ఒక నష్టం. సత్యమైన కార్లన్నిటినీ అనుమానించవలసి రావడం అంతకన్న పెద్ద నష్టం.

ఇక టైర్ల సంగతి. ఇక్కడ ప్రశ్న ధరది కాదు, ప్రాణానిది. మొదటి జీటీవోలకు ఎఱ్ఱగీత టైర్లు, తరువాతివాటికి తెల్ల అక్షరాల గుడ్‌ఇయర్ పాలీగ్లాస్ టైర్లు అందం. పాత పోలికతోనే నేడు కొత్తగా పోసి అమ్మేవారున్నారు. టెనెసీ రాష్ట్రం చట్టనూగాలోని కోకర్ టైర్ అటువంటి సంస్థ. కాని కొందరికి అదీ చాలదు, కారు పుట్టిననాటి టైర్లే కావాలి. రబ్బరు, ఇనుము ఒకటి కావు. వాడకుండా దాచినా రబ్బరు గాలికి, ఎండకు లోలోపల పెళుసెక్కుతుంది. పైకి నిగనిగలాడుతూనే వేగంలో పొరలు విడిపోతుంది. 2013లో నటుడు పాల్ వాకర్ మరణించిన ప్రమాదానికి దర్యాప్తువారు అతివేగమే కారణమన్నారు. ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ళ నాటివన్న విషయాన్నీ ప్రస్తావించారు. తొమ్మిదేళ్ళవే ప్రస్తావనకు వస్తే యాభై అయిదేళ్ళవాటి మాట చెప్పాలా? ప్రదర్శనకు ఒక జత, దారికి ఒక జత ఉంచుకునే యజమానులు వివేకులు. బ్రేకు గొట్టాలకు, సీటు బెల్టులకు కూడా ఇదే న్యాయం.

2019 ఆగస్టులో మిషిగన్‌లో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు, డెట్రాయిట్ దాపున వుడ్‌వర్డ్ అవెన్యూమీద 1995 నుండి ఏటా జరిగే పాత కార్ల ఊరేగింపుకు మా అల్లుడుగారు తీసుకువెళ్ళారు. ఆయన వాదన వేరు. "కారు నడపడానికి పుట్టిందండీ మామయ్యగారూ. రేడియల్ టైర్లు, డిస్కు బ్రేకులు పెట్టుకొని హాయిగా తిరిగితే తప్పేముంది?" అన్నారు. తప్పు లేదు. పాత అడ్డపోగుల టైరు రోడ్డుమీది గాడిని పట్టుకుని అటూ ఇటూ లాగుతుంది. రేడియల్ నిలకడగా పోతుంది. అయితే మార్చినవాడు మార్చానని చెప్పాలి, తీసిన భాగాన్ని భద్రపరచాలి. అంతే నేను కోరేది.

మనవారి దారి చూడండి. పోతన భాగవతంలో శిథిలమైనవని చెప్పే భాగాలను గంగన, సింగన, నారయ పూరించారు. పోతన పేరుమీద చెలామణి చేయలేదు. గద్యలలో తమ పేర్లు తాము చెప్పుకున్నారు. అందుచేతనే ఏ స్కంధం ఎవరిదో నేటికీ మనకు తెలుసు. భాగవతం విలువ తగ్గిందా? లేదే! కారుకైనా ఇదే న్యాయం. నిలిచేదానిని నిలుపుము, నిలువనిదానిని మార్చుము, మార్చినదానిని వ్రాసిపెట్టుము, ప్రాణంతో ముడిపడినచోట పాతదనాన్ని పట్టుకు వ్రేలాడకుము. అద్దం దగ్గర ఒక చిన్న చీటీలో 'ఇంజను అసలుది, తలుపు కొత్తది, టైర్లు ఈ మధ్యవి' అని వ్రాసి ఉంచిన కారు, సంఖ్యలన్నీ కలిసి నోరు మెదపని కారుకన్న నా దృష్టిలో ఎక్కువ విలువైనది.

ఇంజను విప్పి బిగించిన అనుభవం ఉన్న మిత్రులెవరైనా ఉంటే ఈ పండితుని వాదంలోని లోటుపాట్లు తెలుపగలరు. స్వస్తి.