సాంచకు డాబీ, ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ

అడ్మిషన్లు మొదలైతే చాలు, మా వాట్సాప్ గ్రూపులో ప్రతి ఏడాదీ ఒకటే ప్రశ్న: "అన్నా, సీఎస్‌ఈకి ఏ ల్యాప్‌టాప్ తీసుకోవాలె?" జవాబులు కూడా ఒకటే తీరు. 16 జీబీ ర్యామ్ ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, 60 వేలకు తక్కువైతే అసలు చూడొద్దు. "ఇంట్లో ఇప్పటికే ఏదైనా పాతది ఉందా?" అని మాత్రం ఎవరూ అడగరు. నేననేది ఒక్కటే. ఆ ప్రశ్న అన్నిటికంటే ముందు అడగాలి. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లం కాబట్టి ఇంకా గట్టిగా అడగాలి.

ఎందుకంటే ఆ 60 వేలు ఎవరివో మనకు తెలుసు. మాది కోరుట్ల. మా గల్లీలో సగం ఇండ్లకు డబ్బు గల్ఫ్ నుంచి వస్తుంది, మిగతా సగం ఇండ్లలో అమ్మలు బీడీలు చుడతారు. మా అమ్మమ్మోళ్లది సిరిసిల్ల, అక్కడ సాంచాల కూలి. కొడుకో బిడ్డో ఇంజనీరింగ్‌లో చేరితే, చిట్టీ ఎత్తుకొనో వడ్డీకి తెచ్చో ల్యాప్‌టాప్ కొంటారు. "స్లో అయింది, కొత్తది కావాలె" అని ఇంట్లో అడిగేముందు, ఎందుకు స్లో అయిందో చెప్పగలిగే బాధ్యత మనకు ఉండాలి కదా.

నా దగ్గర ఉన్నది రగ్గ్‌డ్ ల్యాప్‌టాప్, అంటే మొరటు పనికి చేసిన మెషీన్. మా చిన్నాయన గల్ఫ్‌లో ఒక సర్వే కంపెనీలో పనిచేసి వచ్చేటప్పుడు, వాళ్లు పక్కన పెట్టినదాన్ని తక్కువకు కొనుక్కొచ్చిండు. దాదాపు నాలుగు కిలోలు. దానికే ఒక హ్యాండిల్, పోర్టులన్నిటికీ రబ్బరు మూతలు. హాస్టల్లో దాని పేరు "బండరాయి". ఈ జాతి మెషీన్లు కొత్తవేం కాదు. పానాసోనిక్ టఫ్‌బుక్ 1996లోనే వచ్చింది. పోలీసు బండ్లు, సైన్యం, సైట్ ఆఫీసులు, ఇట్లాంటి చోట్ల వాడటానికి చేసినవి ఇవి. కింద పడ్డా, దుమ్ము కొట్టినా, వాన చినుకులు పడ్డా తట్టుకోవడమే వీటి పని. అందుకే పదేండ్లు దాటినా బాడీ చెక్కుచెదరదు. లోపలి సరుకు మాత్రం ఆ కాలానిదే. నాది విండోస్ ఓపెన్ కావడానికి నాలుగు నిమిషాలు తీసుకునేది.

చాలామంది ఇక్కడే "ప్రాసెసర్ పాతది, ఇంక వేస్ట్" అని తేల్చేస్తారు. కానీ టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే సీపీయూ 15 శాతం దగ్గర ఖాళీగా కూర్చుంది, డిస్క్ మాత్రం 100 శాతం. మన ఓఎస్ సిలబస్‌లో ఉన్న లెక్కే ఇది. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ మామూలుగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90 సార్లు. ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన డేటా హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కు జరగడానికి ఇంకో పదో పన్నెండో. మొత్తం కలిపితే, చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లను సెకనుకు 60, 70 చోట్లకు మించి చదవలేదు. తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ అదే పని సెకనుకు వేల చోట్ల చేస్తుంది. పరీక్షలో సీక్ టైమ్, రొటేషనల్ లేటెన్సీ అని పది మార్కులకు రాసి, బయటికొచ్చి ప్రాసెసర్‌ను తిడితే ఎట్లా?

సెలవుల్లో సిరిసిల్ల పోతే నాకు ఇంకోటి కూడా కనిపించింది. మా మామోళ్ల ఇంట్లో ముందర గదిలో సాంచాలు, వెనక గదిలో మేము. సాంచాలు నడుస్తుంటే నేల అదురుతుంది, బల్ల అదురుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ ఇంకా మెల్లగైనట్టు అనిపించేది. నా భ్రమేమో అనుకున్నా. తర్వాత తెలిసింది, సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసిన బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు 2008 చివర్లో ఒక వీడియోలో డేటా సెంటర్‌లోని డిస్కుల ముందు నిలబడి గట్టిగా అరిచి చూపించాడు. అరిచినప్పుడల్లా డిస్కులు జవాబిచ్చే సమయం గ్రాఫులో పైకి లేచింది. మనిషి అరుపుకే అట్లయితే, సాంచాల అదురుకు ఏమవుతుందో ఊహించుకోండి.

పోయిన ఏడాది జగిత్యాలలో ఒక రిపేర్ షాపాయన దగ్గర కూర్చొని దాన్ని విప్పినం. "తమ్మీ, దీని పానం మంచిగనే ఉంది, కాళ్లే మొద్దుబారినయ్" అన్నడాయన. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో 4 జీబీ సెకండ్ హ్యాండ్ ర్యామ్ ఒకటి. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పెట్టినం. మొత్తం ₹3,800 అయింది. ఇప్పుడు అర నిమిషంలో ఓపెన్ అవుతుంది. వీఎస్ కోడ్, బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు, పైథాన్, జావా ల్యాబ్ ప్రోగ్రాములు అన్నీ నడుస్తున్నయ్.

మీ దగ్గర ఇట్లాంటిదే ఉంటే కొన్ని జాగ్రత్తలు. రగ్గ్‌డ్ మెషీన్లలో చాలావాటికి డిస్క్ ఒక డబ్బా లాంటి క్యాడీలో, మెత్తటి ప్యాడింగ్ మధ్య ఉంటుంది. దాన్ని కలిపే రిబ్బన్ కేబుల్ సన్నగా ఉంటుంది, గుంజితే చినుగుతుంది. పాత డిస్క్ మందం 9.5 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్‌డీ 7 మిల్లీమీటర్లే. ఆ ఖాళీలో స్పేసర్ పెట్టకపోతే కదులుతుంది. ర్యామ్ కొనేముందు మీది డీడీఆర్3నా, డీడీఆర్3ఎల్‌నా, డీడీఆర్4నా చూసుకోండి. మొదటిది 1.5 వోల్టులు, రెండోది 1.35 వోల్టులు, మూడోదైతే ఆ స్లాట్‌లో పట్టనే పట్టదు. మూతల చుట్టూ ఉండే రబ్బరు సీలు సరిగ్గా కూర్చోకపోతే దుమ్ము లోపలికి పోతుంది. అప్పుడు అది బరువైన మామూలు ల్యాప్‌టాప్, అంతే.

ఇక ఓఎస్ సంగతి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా టీపీఎం 2.0 అడుగుతుంది, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. అంటే బాగా పనిచేసే మెషీన్లు కూడా ఒక తేదీ దాటంగనే "పాతవి" అయిపోయినయ్. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ లుబుంటు గానీ వేసుకుంటే అప్‌డేట్లు వస్తాయి, బరువూ తక్కువ. ఎట్లాగూ రేపు సర్వర్ల మీద లినక్సే వాడాలి. ఆ నేర్చుకునేదేదో ఇప్పుడే నేర్చుకుంటే సరి.

ఇందులో కొత్త ఆలోచన ఏమీ లేదు. సిరిసిల్ల ఎప్పటినుంచో చేస్తున్న పనే. సాంచ మొరాయిస్తే ఆసామి మొత్తం సాంచను ఇనుప సామానుకు వేయడు. చప్పుడు విని ఏ భాగం అరిగిందో పట్టుకుంటాడు, అదే మారుస్తాడు. చీర అంచుల్లో డిజైన్ కావాల్సి వచ్చినప్పుడు పాత సాంచాలకే డాబీలు బిగించుకున్నారు. కేంద్ర ప్రభుత్వం 2017లో పవర్‌టెక్స్ ఇండియా కింద పెట్టిన స్కీముల్లో ఒకటి అచ్చంగా ఇదే. మామూలు మరమగ్గాన్ని తీసేయకుండా, పోగు తెగితే దానంతట అదే ఆగే ఏర్పాటు లాంటివి ఉన్నచోటే బిగించి మెరుగుపరచడం. దీన్ని మనం ఇంగ్లిష్‌లో "బాటిల్‌నెక్ అనాలిసిస్" అని చదువుతున్నం. మా మామ దానికి పేరు పెట్టలేదు, చేస్తున్నడు.

"అంటే మేం ఎప్పటికీ పాతవాటితోనే సర్దుకోవాలా?" అని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. డాబీ బిగించినంత మాత్రాన పాత సాంచ రేపియర్ మగ్గం కాదు. అట్లాగే ఎస్‌ఎస్‌డీ వేస్తే నా బండరాయి డీప్ లెర్నింగ్ మోడళ్లను ట్రెయిన్ చేయదు, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌ను సాఫీగా నడపదు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్న ల్యాప్‌టాప్‌లో పెంచడానికి ఏమీ ఉండదు. బ్యాటరీ ఉబ్బినా, మదర్‌బోర్డు పోయినా లెక్క మారుతుంది. నిజంగా అవసరమైనప్పుడు కొత్తది కొనాల్సిందే, దానికి సిగ్గుపడక్కర్లేదు. పెద్ద పనులకు మంచి మెషీన్లు ల్యాబుల్లో పెట్టి, సాయంత్రం కూడా తెరిచి ఉంచమని కాలేజీలను అడగాల్సిందే. పాతదాన్ని బాగుచేసుకోవడం పేదవాళ్లకు చెప్పే నీతిపాఠం కావొద్దు. డబ్బున్నవాళ్లు కూడా చేయాల్సిన ఇంజనీరింగ్ పని అది. పారేసిన ప్రతి ల్యాప్‌టాప్ ఎక్కడో ఒకచోట ఈ-వేస్ట్ కుప్పే కదా.

కాబట్టి మన క్లబ్బులకు, సీనియర్లకు ఒక ప్రతిపాదన. సెమిస్టర్‌కు ఒక శనివారం "విప్పుడు రోజు" పెడదాం. జూనియర్లు ఇంట్లో మూలకు పడ్డ ల్యాప్‌టాప్‌లు తెస్తారు. ముందు డేటా బ్యాకప్, తర్వాత టాస్క్ మేనేజర్, తర్వాతే స్క్రూడ్రైవర్. దేనికి ఏం వేస్తే పనికొస్తుందో, దేన్ని వదిలేయాలో ఒక కాగితం మీద రాసిద్దాం. కొత్తది కొనాలని తేలితే, ఆ కాగితం చూపించి ఇంట్లో ధైర్యంగా అడగొచ్చు. అవసరం లేదని తేలితే, ఒక ఇంట్లో ఒక చిట్టీ మిగులుతుంది.

వచ్చే జులైలో మళ్లీ ఎవరో ఒక తమ్ముడో చెల్లెనో గ్రూపులో అదే ప్రశ్న వేస్తారు. ఈసారి మోడల్ నంబర్లు పంపేముందు, "ఇంట్లో ఉన్నదాని ఫోటో పెట్టు" అని ఎవరో ఒకరు అనండి.