“ఎంతైంది?” అని అడగలేని కానుక

జూన్ నెల మూడవ ఆదివారం దగ్గర పడిందంటే రెండు వాదాలు ఏటేటా ఎదురుపడతాయి. నాన్నకు ఒక రోజు కేటాయించడమేమిటి, ఇది పడమటి దేశాల దిగుమతి సరుకు అనేవారిది ఒక వాదం. ఏదో ఒక వంకతో పెద్దాయనను తలుచుకుంటే తప్పేమిటి అనేవారిది మరొకటి. ఈ రెండిటి మధ్య తీర్పు చెప్పే ఉద్దేశం నాకు లేదు. పండుగ ఎక్కడిదైనా కావచ్చు. ఆ రోజున నాన్న చేతిలో ఏం పెడుతున్నామన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న.

మా గిద్దలూరు వైపు, కొని తెచ్చిన వస్తువు ఏది తండ్రి చేతికిచ్చినా ఆయన నోట వచ్చే మొదటి మాట ఒక్కటే: “ఎంతైంది?”

దీన్ని పిసినారితనమని తీసిపారేయకూడదు. ఒక పక్క నల్లమల, మరో పక్క వెలిగొండలు. నడుమ వాన ముఖం చూసి బ్రతికే నేల. ఒక బోరు ఎండితే ఇంకొకటి, అదీ ఎండితే మరికొంచెం లోతుకు మరొకటి. వచ్చిన రూపాయి ఏ దారిన పోతుందో ముందే నిశ్చయమై ఉండే ఇళ్లు ఇవి. అటువంటి ఇంట్లో పెరిగినవాడికి ప్రతి వస్తువు మీదా వెలచీటీ కంటే ముందు ఎవరో ఒకరి చెమట కనిపిస్తుంది. మునుపు అది తన చెమట, ఇప్పుడు తన బిడ్డది. ఆ చెమట ఏ మేరకు ఖర్చయిందో తెలుసుకోవాలనే ఆయన అడుగుతాడు.

మనమేం చేస్తాం? వెలను సగానికి తగ్గించి చెబుతాం. రెండు వేల చొక్కా ఎనిమిది వందలవుతుంది. తగ్గించి చెప్పామని ఆయనకూ తెలుసు. తెలిసినా ఊరుకుంటాడు. ఆ చొక్కా మడత నలగకుండా పెట్టెలోకి వెళ్లి, ఎవరి పెళ్లికో బయటికి వస్తుంది. ప్రేమతో ఇచ్చిన కానుకే, కానీ దాని మొదటి అడుగు చిన్న అబద్ధం మీద పడింది.

అందువల్ల నేను చెప్పదలచినది ఇది. నాన్నకు ఇచ్చే కానుక, ఆయన “ఎంతైంది?” అని అడగడానికి వీలులేనిదై ఉండాలి. అంటే ఇంట్లో, మన చేతులతో, వీలైతే ఆయన చేయి కూడా కలిసి తయారైనదై ఉండాలి.

ఈ మాట ఆ పండుగ పుట్టిన చోటికి కూడా పరాయిది కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ అనే ఊళ్లో సొనోరా స్మార్ట్ డాడ్ అనే ఆమె దీనికి నాంది పలికింది. ఆమె తండ్రి విలియం జాక్సన్ స్మార్ట్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన రైతు. 1898లో కాన్పులో భార్య చనిపోతే ఆరుగురు బిడ్డలను ఒంటిచేతి మీద పెంచాడు. 1909లో చర్చిలో మాతృదినోత్సవ ప్రసంగం వింటున్న సొనోరాకు, మరి మా నాన్న సంగతేమిటి అనిపించింది. ఆయన పుట్టినరోజైన జూన్ 5న జరపాలని ఆమె కోరిక. ప్రసంగాలు సిద్ధం చేసుకోవడానికి పాదరులకు వ్యవధి చాలక 1910 జూన్ 19న జరిగింది. తండ్రి బ్రతికి ఉన్నవారు ఎర్ర గులాబీ, లేనివారు తెల్ల గులాబీ ధరించారు. అంతే ఆనాటి ఆడంబరం. 1930 దశకంలో న్యూయార్కు మగవారి దుస్తుల వర్తకులు కమిటీ వేసి ఈ రోజును ప్రచారంలోకి తెచ్చారు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో చట్టమయింది. మాతృదినోత్సవానికి ఆద్యురాలైన ఆనా జార్విస్ అయితే, అచ్చు వేసిన కార్డులు కొనడాన్ని నిరసిస్తూ, అమ్మకు చేతితో ఉత్తరం వ్రాయమని పోరి పోరి 1948లో కన్నుమూసింది.

ఇక మన సంగతి. తండ్రిని తలుచుకునే పండుగ మనకు లేదనడం సరికాదు. ఉంది, కానీ అది ఆయన పోయిన తరువాతనే మొదలవుతుంది. మహాలయ అమావాస్యకో, సంక్రాంతికో, ఇంటి ఆచారాన్ని బట్టి పెద్దలకు పెట్టుకుంటాం. పటం ముందు కొత్త పంచె మడతపెట్టి ఉంచుతాం. ఆయనకు ఏ కూర ఇష్టమో గుర్తు చేసుకుని వండిస్తాం. చుట్ట ఇష్టమైతే చుట్ట కూడా పెడతాం. ఆ పూట ఇంటిల్లపాదికీ ఆయన ఇష్టాలు కంఠతా వస్తాయి. ఆ ఆచారం నాకు ఎంతో గౌరవనీయమైనది. కానీ ఆయన పీట మీద కూర్చుని తినగలిగిన రోజుల్లో, నాన్నకు ఏ కూర ఇష్టమని అడిగితే ఎంతమంది పిల్లలు చెప్పగలరు? ఏది పెట్టినా తింటాడు అన్న సమాధానమే ఎక్కువ వినిపిస్తుంది. ఏది పెట్టినా తినడం ఆయన అలవాటు చేసుకున్న సంగతి. అది ఆయన ఇష్టం కాదు.

కాబట్టి ఇంట్లో చేయదగిన కానుకలలో మొదటిదిగా వంటనే చెబుతాను. జూన్ మూడవ ఆదివారం మృగశిర కార్తెలో పడుతుంది. రోహిణి ఎండలు తగ్గి, తొలకరి కోసం ఆకాశం చూసే రోజులు. ఇలాంటి దినాల్లో మా జేజి ఏం వండేదని నాన్నను అడగాలి. జొన్న సంకటో, కొర్రన్నమో, రోట్లో నూరిన శనక్కాయల పచ్చడో, ఆయన ఏది చెబితే అది పిల్లలే చేయాలి. ఒక్క షరతు: నాన్న పండుగ అమ్మకు అదనపు వంట కాకూడదు. సంకటి ఉండ కట్టినా, పచ్చడిలో ఉప్పు మించినా ఫరవాలేదు. “మా అమ్మ ఇట్లా చేసేది కాదు” అని ఆయన సరిదిద్దడం మొదలుపెట్టినప్పుడే కానుక అందినట్టు లెక్క.

రెండవది పలక. మా పక్కనున్న మార్కాపురం పలకలకు పెట్టింది పేరు. ఎన్నో తరాల పిల్లలు ఆ నల్లరాతి మీదనే అక్షరాలు దిద్దుకున్నారు. ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చి ఆ వ్యాపారం తగ్గిపోయినా, వెతికితే చాలా ఇళ్ల అటకల మీద ఒకటి దొరకకపోదు. ఈ కాలంలో బడుల్లో పిల్లల చేత మెరుపులద్దిన కార్డులు చేయిస్తున్నారు. మంచిదే. కానీ వాటి మీద రాసేది ఇంగ్లీషు. బడి ముఖం చూడని తండ్రికో, ఐదవ తరగతితో ఆపేసిన తండ్రికో తాను చదవలేని అభినందన అందజేయడం ఎటువంటి గౌరవమో నాకు బోధపడదు. దానికి బదులు ఆ పలకను కడిగి, బలపంతో తెలుగులో ఒక్క వాక్యం వ్రాసి ఆయన కంటబడే చోట పెట్టండి. “నిన్న నా సైకిలు బాగుచేసినావు” అన్నంత మామూలు మాట చాలు. ఆయనకు చదువు రాకపోతే చిన్నది ఎవరైనా చదివి వినిపిస్తుంది. తుడిచిపోతుంది గదా అంటారేమో. తుడిచిపోతేనే మరునాడు మరొకటి వ్రాయడానికి చోటుంటుంది.

మూడవది ఆయన విద్య ఒకటి ఆయన దగ్గరే నేర్చుకోవడం. ఉదాహరణకు నులక మంచం. పట్టెలూ కోళ్లూ గట్టిగానే ఉండి, నులక వదులై మూలన పడి ఉన్న మంచాలు మా ఊళ్లలో ఇంకా ఉన్నాయి. దాన్ని తిరిగి అల్లడానికి నులక లాగి పట్టేవారొకరు, అల్లేవారొకరు, కనీసం ఇద్దరు కావాలి. ఆ ఆదివారం పొద్దున చెట్టు కింద మంచం వేసి, నాన్నను చెప్పమని, పిల్లలు అల్లాలి. గళ్లు వంకరపోతాయి. విప్పి మళ్లీ అల్లుతారు. సాయంత్రానికి ఆయన దాని మీద నడుం వాల్చితే అంతకన్న పెద్ద పితృదినోత్సవం నాకు తోచడం లేదు. తండ్రి దర్జీ అయితే కాజా కుట్టడం, మేస్త్రీ అయితే తూకం దారం పట్టడం, గుమాస్తా అయితే ఆయన వంటి చేవ్రాలు. ఏ తండ్రికైనా నేర్పదగినది ఒకటి ఉంటుంది. అది తనతోనే ఆగిపోతుందేమోనన్న బెంగ కూడా ఉంటుంది.

నాలుగవది కలిసి చేసే చిన్న ప్రయాణం. గిద్దలూరు నుంచి నంద్యాల దాకా రైలులో వెళ్లండి. దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె మీదుగా నల్లమలను దాటే ఆ దారి అందం వేరు. మీటర్ గేజి రోజుల్లో రైలు దొరబావి వంతెన మీదుగా పోయేది. గేజి మార్పుతో ఆ దారి మారిపోయింది. పాత బండి ఎక్కిన నాన్నకు చెప్పడానికి చాలా ఉంటుంది. లేదా కంభం చెరువు కట్ట మీదికి తీసుకువెళ్లండి. విజయనగర కాలంలో రాకుమారి వరదరాజమ్మ గుండ్లకమ్మకు కట్ట వేయించి నిలిపిన చెరువది. అంతర్జాతీయ సేద్యపునీటి సంస్థ 2020లో దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ కట్ట మీద నిలబడితే, ఏ సంవత్సరం చెరువు నిండింది, ఏ సంవత్సరం ఎండింది అన్న లెక్క ఆయన నోట దానంతటదే వస్తుంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే మా వైపు తండ్రులు మాట్లాడరు. చేతికి పనో, కంటికి దారో ఉంటే మాట్లాడతారు.

ఆ మాటలను పట్టుకోవడమే అయిదవ కానుక. తెలుగులో వ్రాసుకోవడానికి అలవాటుపడ్డ మనబోటివారికి అన్నిటికన్న దగ్గరిదీ ఇదే. ఒక నోటు పుస్తకం తీసుకుని ఆయన చెప్పినది చెప్పినట్టు, ఆయన యాసలోనే వ్రాయాలి. మొదటి కూలి ఎంత? ఆ బావి ఎవరు తవ్వించారు? కర్నూలు జిల్లాలో ఉన్న గిద్దలూరు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరి, అది 1972లో ప్రకాశం జిల్లా అయినప్పుడు కచేరీ పనులకు ఏ ఊరి దారి పట్టారు? విశ్వనాథ సత్యనారాయణ గారు శ్రీమద్రామాయణ కల్పవృక్షం తలపెట్టడానికి తండ్రి శోభనాద్రి గారి ఆజ్ఞ ఒక కారణమని తామే చెప్పుకున్నారు. తండ్రి మాట మీద అంత కావ్యం నిలిచింది. మనం కావ్యం వ్రాయనక్కరలేదు. వంద పేజీల రూళ్ల పుస్తకం నింపితే చాలు.

ఇన్నాళ్లూ ఆయన మనను అడిగిన ప్రశ్నను ఆ పుస్తకంలో ఒక పుట మీద మనం ఆయనను అడగాలి. “నా చదువుకు ఎంతైంది నాయనా? ఆ డబ్బు ఎక్కడిది?” ఏ చేను పోయింది, ఏ నగ తాకట్టులో పడింది, ఎవరి గడప ఎక్కి ఎంత వడ్డీకి తెచ్చాడు అన్నది చాలా ఇళ్లలో పిల్లలకు తెలియదు. తెలిస్తే వాళ్లు చిన్నబుచ్చుకుంటారని ఆయన చెప్పడు. ఆయన చిన్నబుచ్చుకుంటాడని మనం అడగం. మన వెల తగ్గించి చెప్పే అలవాటు బహుశా ఆయన దగ్గర నేర్చుకున్నదే. నిజం అంకె వినడానికి మనం సిద్ధంగా ఉన్నామని ఆయనకు తెలియడం, నాకు తోచినంతలో, ఏ చొక్కాకన్నా విలువైన మర్యాద.

ఇదంతా తండ్రి ఇంట్లో ఉన్నవారి మాట. పనులు లేక హైదరాబాదుకో, బెంగుళూరుకో కూలికి వెళ్లి, పిల్లలను అవ్వా తాతల దగ్గర వదిలిన తండ్రులు మా వైపు ఎందరో. వాళ్లకు పిల్లలు తమ పాఠం ఒకటి ఫోనులో చదివి వినిపించవచ్చు. కట్టడం మీద ఆ సాయంత్రం పది నిమిషాలు ఆయన వినే గొంతు అది. తండ్రి ఉండీ లేనట్టే అయిన ఇళ్లూ ఉన్నాయి. సంపాదన తాగుడుకు పోస్తే, తల్లి రెండు బరువులూ మోసిన ఇళ్లు. అక్కడ లేని గౌరవాన్ని పిల్లల మీద రుద్దకూడదు. స్పోకేన్ రైతుకు ఆ పండుగ దక్కింది తల్లి పని కూడా తానే చేసినందుకు. ఆ లెక్కన తండ్రి పని చేసిన తల్లికీ, అమ్మమ్మకూ, మేనమామకూ ఈ ఆదివారం నిరభ్యంతరంగా చెందుతుంది.

నాన్న అన్నా, నాయన అన్నా, అబ్బా అన్నా, మీ ఇంట్లో ఆయనకు ఇష్టమైన కూర ఏదో ముందు కనుక్కోండి. ఆ వంట ఎట్లా కుదిరిందో, ఆయన ఏమని సరిదిద్దారో వ్రాయండి. చదవాలని నాకు ఆసక్తిగా ఉంది.