ఉపస్థాత వైద్యుడు కాగలడా?

చికిత్సకు నాలుగు పాదాలని చరక సంహిత చెబుతుంది: భిషక్కు, ద్రవ్యం, ఉపస్థాత, రోగి. ఉపస్థాత అనగా వైద్యునికి సహాయపడుతూ రోగిని కనిపెట్టుకుని ఉండేవాడు. ఉపచారం తెలిసి ఉండటం, దక్షత, రోగిపై అనురాగం, శుచిత్వం అతనికి ఉండవలసిన గుణాలు. రోగనిర్ణయం అందులో లేదు. అది భిషక్కు పని. నేటి చట్టం కూడా ఇంచుమించు ఇదే గీత గీసిందన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు.

పంజాగుట్ట ప్రాంతపు పెద్ద ఆసుపత్రులలో తెల్లకోటు ధరించిన వారందరినీ మనం ‘డాక్టరు గారూ’ అనే పిలుస్తాం. వారిలో వైద్యులెవరో, ఫిజీషియన్ అసిస్టెంట్లు ఎవరో రోగి పోల్చుకోలేడు. ఈ వృత్తి 1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1992లో మద్రాసుకు వచ్చింది. రోగి వివరాలు సేకరించడం, శస్త్రచికిత్సలో చేయూతనివ్వడం వంటివి వీరి పనులు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వీరిని పేరు పెట్టి గుర్తించింది. సంతోషమే. కాని ఆ గుర్తింపు వైద్యుల రిజిస్టరులో చోటు కాదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం, అర్హత లేకుండా అల్లోపతి వైద్యం చేసేవారికి ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

బ్రిటన్‌లోనూ ఇదే చిక్కు వచ్చింది. వీరిని ‘అసోసియేట్’ అనకుండా తిరిగి ‘అసిస్టెంట్’ అనే పిలవాలనీ, రోగమేమిటో ఇంకా తేలని వారిని వీరు సాధారణంగా చూడరాదనీ 2025లో అక్కడి సమీక్ష సిఫారసు చేసింది. పేరులో ఏముందంటారేమో! రోగికి ఉన్న ఆధారమే పేరు.

అమీర్‌పేట సంగతి వేరు. కోచింగుల కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే మన పిల్లలు జ్వరం రాగానే డాక్టరు ఫీజుకు వెనుకాడి మందుల దుకాణం కౌంటరు వద్దే రోగం చెప్పుకుంటారు. ఒక సూది, మూడు రోజుల యాంటీబయాటిక్ చేతికి వస్తాయి. ఇచ్చినవారెవరో అడగరు. ఆ జ్వరం డెంగీ అయితే, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమందు రక్తస్రావపు ముప్పును పెంచుతుంది. ఎవరైనా ‘ఆర్.ఎం.పి.’ అని చెప్పుకుంటే మరీ ధైర్యం. చట్టంలో ఆ అక్షరాలకు అర్థం రిజిస్టరైన వైద్యుడని. మన వాడుకలో అవి రిజిస్టరు కానివారికి బిరుదయ్యాయి.

నేను ఆయుర్వేద పక్షపాతినే. అయినా మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి. టైఫాయిడ్ అనుకుని అల్లోపతి మందులు వాడిన హోమియో వైద్యుని చేతిలో రోగి మరణించగా, పూనమ్ వర్మ కేసులో 1996లో సుప్రీంకోర్టు 3 లక్షల పరిహారం ఇప్పించింది. తనకు శిక్షణ లేని వైద్య విధానంలో చికిత్స చేయడమే నిర్లక్ష్యమని తేల్చింది. రాష్ట్ర చట్టం అనుమతిస్తే తప్ప ఆయుర్వేద పట్టభద్రులు ఆధునిక ఔషధాలు రాయరాదని 1998లో ముఖ్తియార్ చంద్ కేసులో చెప్పింది. ఈ తీర్పులు మనవారికి రుచించలేదు. నాకు మాత్రం న్యాయంగానే తోచాయి. మన విద్యకు మనం కోరే గౌరవమే ఎదుటి విద్యకూ ఇవ్వాలి కదా!

అట్లే ఆయుర్వేద దుకాణంలోని సహాయకుడు చూర్ణం తూచవచ్చు, శిక్షణ ఉంటే వైద్యుడు చెప్పిన అభ్యంగనం చేయవచ్చు. పాదరసం కలిసిన రసౌషధం మోతాదు అతడు నిర్ణయించరాదు. అటువంటి మందుల లేబుళ్ళపై వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలని ఔషధ నియమావళి ఊరకే విధించలేదు.

అల్లోపతి వైద్యులు తమ రిజిస్ట్రేషన్ సంఖ్యను క్లినిక్‌లోనూ, మందుల చీటీపైనా, రసీదుపైనా చూపాలని 2002 నాటి నియమాలు చెబుతున్నాయి. ఆయుర్వేద వైద్యులకూ రిజిస్ట్రేషన్ సంఖ్య ఉంటుంది. హాస్టలులో ఉన్న పిల్లలకు ఫోను చేసినప్పుడు మందు పేరుతో పాటు ఆ సంఖ్యనూ చదివి చెప్పమనండి. చీటీపై సంఖ్య లేకుంటే, ఏ వైద్యుని తరఫున రాశారని అడగమనండి. ఆ ప్రశ్నకు నొచ్చుకున్న అసలైన వైద్యుణ్ణి నేనింతవరకు చూడలేదు.